ఊపిరి చాలదన్న మాట

ధర్మవరం,
18 జూన్ 1998

రూతత్తకు,

నీ మేనకోడలు ఎస్తేరు వందనాలు. నువ్వు బస్సులో పంపిన ఊరగాయ అందింది. జాడీ మూత ఊడి కండక్టరు సంచీకి కూడా కొంత అందిందట, జాడీ చేతికిచ్చేటప్పుడు ఆయన నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

స్కూలు తెరిచారు. నీతో ఒక పని పడింది అత్తా. రికార్డర్ పరీక్షకు మూడు పాటలు ఎంచిపెట్టాలి. వాయించేది కళావతి అని తొమ్మిదో తరగతి పిల్ల. వాళ్ల నాయన కుళ్లాయప్ప కూలి మగ్గం నేస్తాడు, అమ్మ నీలావతి కండెలు చుడుతుంది. మొదట్లో రికార్డర్ అనగానే కుళ్లాయప్ప, "పాటలు పట్టే మిషనా టీచరమ్మా? మా ఇంట్లో యాడ పెట్టేది?" అన్నాడు. గొట్టాన్ని చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, "పిల్లనగ్రోవిని నిలబెట్టి ఊదేదే కదా" అని నవ్వాడు.

పిల్ల మాత్రం నవ్వులాట పిల్ల కాదు. పోయిన ఏడు మూడో గ్రేడు పాసయింది. ఇప్పుడు నాలుగోది. చిన్నపిల్లల పాటలు చులకనైపోయి, పెద్ద పాటలు ఇంకా చేతికి రాని మధ్య మెట్టు. మొన్న ప్రార్థనలో పాట చరణమంతా ఒక్క ఊపిరిలో లాగేసింది. నేనైతే మధ్యలో ఆగి గాలి తీసుకుంటాను. "ఊపిరి యాడ తీసుకుంటివే?" అంటే, "తీసుకోవల్లనా టీచర్? మరిసిపోయినా" అంది.

పరీక్ష నవంబరులో, హిందూపురంలో. మంచి మార్కులు వస్తే బెంగళూరులో సంగీతం నేర్పే ఒక హాస్టలు స్కూలు వాళ్లు సీటిస్తామన్నారని మా హెడ్మిస్ట్రెస్ చెప్పింది. కుళ్లాయప్ప ఇంట్లో ఆ మాట మీదే అందరూ బతుకుతున్నారు. కీబోర్డు మీద పక్కవాద్యం నేనే వాయించాలి, ఉద్యోగంలో చేరేటప్పుడు ఒప్పుకున్న పని కదా.

పుస్తకం జిరాక్సు పంపుతున్నాను. మూడు గుంపుల్లో గుంపుకొకటి ఎంచాలి. మొదటి రెండూ సరే. మూడో గుంపులోనే నాకు తెగడం లేదు. నువ్వు చూసి చెప్పు.

ఎస్తేరు


పెనుకొండ,
29 జూన్ 1998

కోడలా,

జిరాక్సులు చూశాను. సగం పేజీలకు అంచులు తెగిపోయాయి, మిషను తిప్పినవాడికి సంగీతం మీద ఏం కోపమో.

మొదటి గుంపులో పాతకాలపు నాట్యం తీసుకో. వేళ్లు కుదురుగా ఉన్నాయని చూపించడానికి అది చాలు. రెండో దాంట్లో ఆ నెమ్మది పాట. మూడో గుంపులో ఏడో నంబరు తప్ప ఇంకొకటి చూడొద్దు. నువ్వు రాసిన పిల్లకు అది కొలత తీసి కుట్టిన రవిక. మధ్యలో ఆ పొడుగు వరుస ఉంది చూడు, కిందినుంచి ఎక్కి ఎక్కి ఎక్కడా తెగకుండా పైన నిలబడాలి. చరణమంతా ఒక్క ఊపిరిలో వాయించే పిల్లకు అది పండగ. పరీక్ష పెట్టేవాడు తల ఎత్తి చూసేది అక్కడే.

రెండో నంబరు ఇస్తావేమో, ముందే చెబుతున్నా. దాన్ని వాయిస్తే గొర్రెలు కూడా పడుకుంటాయి.

ఏడో నంబరుకు పక్కవాద్యం గట్టిదే. ఎడమచేతికి పరుగు ఎక్కువ. ఏమన్నా అవసరమైతే చెప్పు. ప్యాసింజరెక్కితే ధర్మవరం ఎంతసేపు. చర్చి గుళ్లో ఆర్గన్ ఇప్పుడు కుర్రవాళ్లు వాయిస్తున్నారు, నాకు తీరికే.

మీ నాయనకు మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?

అత్త రూతమ్మ


ధర్మవరం,
24 జులై 1998

అత్తా,

నాయన మోకాళ్లు అట్లే ఉన్నాయి. వానలు లేక ఊరంతా ఉడికిపోతోంది.

పాటలు ఖాయం చేసేశాను. మొదటి రెండూ నువ్వు చెప్పినవే. మూడోది మాత్రం రెండో నంబరు. కోప్పడకు. ఏడో నంబరు నాలుగు రోజులు వాయించి చూసింది. ఆ పొడుగు వరుసకు పిల్లకు ఊపిరి చాలడం లేదు. పీలగా ఉంటుంది, తిండి కూడా అంతంత మాత్రమే. బలవంతం చేస్తే పరీక్షలో తెగిపోయి నవ్వులపాలవుతుంది. ఆ మాటే కళావతికీ, హెడ్మిస్ట్రెస్‌కూ చెప్పాను. పిల్ల "సరే టీచర్" అంది.

రెండో నంబరు శుభ్రంగా వస్తోంది. శుభ్రంగా వచ్చేదే పరీక్షకు మేలు కదా.

ఎస్తేరు


పెనుకొండ,
2 ఆగస్టు 1998

ఎస్తేరమ్మా,

జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం నా ముందే ఉంది. చరణమంతా ఒక్క ఊపిరిలో లాగిందనీ, ఊపిరి తీసుకోవడమే మరిచిపోయిందనీ రాశావు. జులైలో ఆ పిల్లకు ఊపిరి చాలదంటున్నావు. నెల రోజుల్లో ఆ ఊపిరంతా ఎవరు తాగారు?

నాకు పిల్ల మీద అనుమానం లేదు. ఇంకేదైనా అడ్డముంటే రాయి. నేనేమీ అనుకోను.

అత్త


ధర్మవరం,
13 ఆగస్టు 1998

అత్తా,

రోజూ క్లాసులో కూర్చుని వినేది నేను. పెనుకొండలో కూర్చుని ఉత్తరాలు చదివితే ఊపిరి లెక్క తెలియదు. ఒకరోజు బాగా వాయిస్తారు, ఒకరోజు వాయించరు. పిల్లలతో ఇదంతా మామూలే. నువ్వు హాస్టల్లో పిల్లలకు అంత కాలం సంగీతం నేర్పావు, నీకు చెప్పాలా?

అడ్డమేమీ లేదు. ఇక ఆ పాట సంగతి వదిలేయి.

ఎస్తేరు


ధర్మవరం,
21 సెప్టెంబరు 1998

అత్తా,

నా మీద కోపంతో జవాబు రాయలేదని తెలుసు. అయినా రాస్తున్నాను, ఇంకెవరికీ రాయలేను.

కళావతి పది రోజులుగా స్కూలుకు రావడం లేదు. జ్వరమేమో అనుకున్నాను. నిన్న వాళ్ల పక్కింటి పిల్లను అడిగితే చెప్పింది, "దానికి ఊపిరితిత్తులు బాగాలేవంట టీచర్. మీరే చెప్పినారంట కదా."

ఏం జరిగిందంటే, పాట ఎందుకు మారిందని ఇంట్లో అడిగితే, ఈ నెల మొదట్లో పిల్ల నేనన్న మాట అమ్మకు చెప్పింది. కుళ్లాయప్ప తమ్ముడు నాలుగేళ్ల కిందట టీబీతో పోయాడట. అదే ఇంట్లో, మగ్గం గుంట పక్కనే మంచం వేసుకుని పోయాడట. నాకు తెలియదు అత్తా. నిజంగా తెలియదు. ఆ నీలావతి ఊపిరి మాట వినగానే పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించింది. ఏమీ లేదన్నారు. అయినా నమ్మలేదు. పిల్లను మగ్గం గదిలోకి రానివ్వడం లేదు, రికార్డర్‌ను బియ్యపు డబ్బాలో దాచేసింది. ఊదితే రొమ్ము ఇంకా పాడవుతుందని భయం.

ఒక్క మాటను ఇంత దూరం తీసుకుపోతారని ఎవరనుకుంటారు? ఏదో క్లాసులో అన్న మాట. వీళ్లు ఏది విన్నా ఇంతే చేస్తారు. నేనేం చేయాలో చెప్పు.

ఎస్తేరు


పెనుకొండ,
24 సెప్టెంబరు 1998

ఎస్తేరూ,

ఉత్తరం చేతికందిన పూటే రాస్తున్నాను.

"వీళ్లు ఏది విన్నా ఇంతే చేస్తారు" అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? వాళ్లు విన్నది టీచరు మాట. నువ్వు చెప్పింది అబద్ధం. తప్పు విన్నవాళ్లదా?

ఇక దాపరికం నాకూ వద్దు. నీ ఎడమచెయ్యి సంగతి నాకు తెలుసు. నీకు కీబోర్డు మీద మొదటి వేలు పెట్టించింది నేను. కుడిచేత్తో పాట వాయిస్తావు, ఎడమచేత్తో మూడు మెట్లూ కలిపి గుత్తులుగా నొక్కుతావు. గుళ్లో దానితో జరిగిపోతుంది. ఏడో నంబరులో ఎడమచెయ్యి పరుగెత్తాలి, నీకు పరుగు రాదు. ఆ పాట ఎంచేటప్పుడే నాకు తెలుసు. "అత్తా, నాకు చేతకాదు, నువ్వు రా" అని రాస్తావని చూశాను. జులైలో చూశాను, ఆగస్టులో చూశాను. నేనే వస్తానని ఒక్క మాట రాసుంటే సరిపోయేది. రాయలేదు. నువ్వు అడగాలి, నేను రావాలి. ఈ ముసలిదానికి అంత పట్టుదల. నీ నోటి మాట కోసం నేను కాచుకుని కూర్చుంటే, నడుమ ఆ బిడ్డను ఎక్స్‌రే మిషను ముందు నిలబెట్టారు.

నాకు సిగ్గుగా ఉంది ఎస్తేరూ. నీ ఉత్తరం చదివి ప్రార్థనకు మోకరించాను, దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు.

నాతో ఒప్పుకుంటే చాలదు. వాళ్ల ఇంటికి పో. గుమ్మంలో నిలబడి కాదు, లోపల కూర్చుని చెప్పు. డాక్టరు బాగుందన్నాడు కదా, పంపండి అని తప్పించుకోవద్దు. అబద్ధమని చెప్పు. ఎందుకు ఆడావో చెప్పు. చెప్పాక నాకు రాయి, వస్తాను.

అత్త


ధర్మవరం,
5 అక్టోబరు 1998

అత్తా,

పోయాను. వెంటనే పోలేదు. రెండుసార్లు వాళ్ల సందు దాకా పోయి కూరగాయలు కొనుక్కుని వెనక్కి వచ్చాను. మూడోసారి కుళ్లాయప్పే బయట కనబడి, "రాండి టీచరమ్మా, ఎండలో నిలబడినారే" అన్నాడు. ఇక తప్పలేదు.

కళావతి వాకిట్లో ఒంటరిగా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. దాని పక్కన కిటికీలో ఒక కంచం, ఒక గ్లాసు విడిగా పెట్టి ఉన్నాయి. అవి దానివి అత్తా. ఇంట్లో గిన్నెలతో కలపడం లేదు.

ఏం మొదలుపెట్టానో తెలుసా? నువ్వు వద్దన్నదే. "డాక్టరు బాగుందన్నాడంట కదా, ఇంక పంపండి" అన్నాను. నీలావతి కండె పక్కన పెట్టి నాకు నచ్చజెప్పింది, "డాక్టరుకేం తెలుసమ్మా? ఒక్క తూరి చూసి పాయ. మీరు దినామూ పక్కన కూసోని ఇంటా ఉండారు. మీకు తెలిసినంత ఆయప్పకు తెలుస్తాదా?"

అప్పుడు ఆగలేకపోయాను. ఊపిరి చాలనిది కళావతికి కాదు, చెయ్యి చాలనిది నాకు అని చెప్పాను. ఆ పాటకు పక్కన వాయించడం నాకు రాదనీ, రాదని బయటపడితే ఉద్యోగానికి ముప్పనీ, అందుకే నోటికొచ్చిన సాకు చెప్పాననీ చెప్పాను. మొదట వాళ్లకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

మగ్గం ఆగింది. కుళ్లాయప్ప గుంటలోంచి లేవకుండానే అన్నాడు, "మా తమ్ముడు ఈడనే పాయ టీచరమ్మా. దగ్గి దగ్గి పాయ. దినామూ రేత్రి ఈ బిడ్డ పండుకుంటే, దగ్గుతాదేమో అని చెవి పెట్టుకోని ఉండాము."

నీలావతి నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "కన్నబిడ్డకు ఏరే కంచం పెడితినే" అని గొణుక్కుంటూ లేచి, కిటికీలోని కంచం, గ్లాసు తీసుకుపోయి తోమింది. చాలాసేపు తోమింది. తెచ్చి అందరి గిన్నెల నడుమ పెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

కళావతి మాత్రం బియ్యపు డబ్బా దగ్గరికి పోయి రికార్డర్ తీసుకుని వచ్చింది. "టీచర్, అయితే ఏడో నంబరు నేర్సుకోవచ్చునా?" అంది.

అత్తా, నువ్వు రావాలి. నాకు చేతకాదు. ఇదిగో రాశాను.

ఇంకొకటి కూడా రాయాలి, నువ్వు తిట్టినా సరే. బయటికి వచ్చేటప్పుడు, ఈ సంగతి హెడ్మిస్ట్రెస్‌కు మాత్రం చెప్పొద్దని వాళ్లను బతిమాలుకున్నాను. ఒప్పుకున్నారు. నువ్వు వాయించడానికి కారణం చూపాలి కదా, ఎడమచెయ్యి బెణికిందని చెప్పి మణికట్టుకు కట్టు కట్టి మెడకు వేలాడదీసుకున్నాను. కట్టు కట్టుకున్న నాటినుంచి కళావతి నా పుస్తకాల సంచీ తానే మోస్తోంది. వద్దన్నా వినదు. "ఎవరన్నా చూస్తే ఎట్ల టీచర్" అంటుంది.

ఎస్తేరు


హిందూపురం,
22 నవంబరు 1998

కోడలా,

పరీక్ష అయ్యాక మీరు రైలెక్కారు, నేను ఇక్కడ సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో ఆగిపోయాను. హాస్టల్లో నాతో పనిచేసిన మనిషి, వదిలిపెట్టలేదు. రాగిముద్ద తినిపించి పడుకోమంటే నిద్ర రాక ఇది రాస్తున్నాను.

నీ కట్టు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్ల నీ సంచీ మోస్తూ ముందు నడుస్తుంటే, వెనక నువ్వు బాగున్న చెయ్యిని మెడకు వేలాడదీసుకుని నడుస్తున్నావు. స్టేషన్లో ఎవరో పాపం అని నీకు సీటు కూడా ఇచ్చారు. కూర్చున్నావు.

లోపల జరిగింది నీకు తెలియాలి. మొదటి రెండు పాటలు బాగా వచ్చాయి. ఏడో నంబరు ఎత్తుకుంది. మొదలు చూసి నాకే ఒళ్లు పొంగింది, వాయిస్తూ వాయిస్తూ దాని మొహం చూశాను. పొడుగు వరుస వచ్చింది. ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఊపిరి కావలసినంత ఉంది, నాకు వినిపిస్తూనే ఉంది. సగంలో ఆగి గాలి తీసుకుంది. చాలక కాదు. చాలుతుందో లేదో అని భయపడి. సాధనకు నువ్వు పెనుకొండకు నా దగ్గరికి తీసుకొచ్చిన శనివారాలన్నీ అక్కడ తెగకుండానే వాయించింది. కొత్త మనిషి ఎదురుగా కూర్చునేసరికి నువ్వన్న మాట గుర్తొచ్చింది.

పరీక్ష పెట్టేవాడు తల ఎత్తాడు. ఎత్తి, మళ్లీ దించి ఏదో రాసుకున్నాడు.

బయటికి వచ్చాక, "బాగా వాయించినానా అవ్వా?" అంది. బాగా వాయించావన్నాను. నిజమే. కానీ ఆ ఒక్క చోట నీదీ నాదీ సిగ్గు రెండూ వినబడ్డాయి. నాకు వయసైపోయింది, ఎట్లో మోస్తాను. నువ్వు ఆ కట్టు ఎప్పుడు విప్పుతావు?

అత్త


ధర్మవరం,
16 డిసెంబరు 1998

అత్తా,

ఫలితం ఈ రోజు వచ్చింది. కళావతి పాసయింది, మంచి మార్కులే. అన్నిటికంటే పైదైన డిస్టింక్షను మాత్రం కొద్దిలో తప్పిపోయింది. ఏడో నంబరు కింద పరీక్ష పెట్టినాయన ఒక మాట రాశాడు, పొడుగు వరుస మధ్యలో ఊపిరి తీసుకోవడం వల్ల పాట తెగిందని.

హెడ్మిస్ట్రెస్ ఆఫీసులోకి పిలిచింది. నేనూ, కళావతీ నిలబడ్డాం. ఇద్దరు టీచర్లు అటెండెన్సు రాసుకుంటున్నారు. ఆమె బెంగళూరుకు ఉత్తరం మొదలుపెట్టి ఉంది. ఆ స్కూలు వాళ్లు పిల్ల గురించి అడిగారట. నా వైపు చూసి, "ఎస్తేరు టీచర్ జులైలోనే అంది, ఈ పిల్లకు ఊపిరి తక్కువని. ఆయనా అదే రాశాడు. రొమ్ము బలం లేని పిల్లను హాస్టలుకు పంపి ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పేది? ఈ ఏడుకు వద్దని రాసేస్తున్నా" అంది. తర్వాత పిల్లను అడిగింది, "ఏమ్మా, ఊపిరి చాలదా నీకు?"

కళావతి నా మొహం చూసింది. నా మెడకు ఇంకా ఆ కట్టు ఉంది అత్తా, విప్పలేదు. ఆ పిల్ల తల దించుకుని, "అవును మేడం. నాకు చాలదు" అంది.

నా కోసం అంది. సీటు పోతుందని తెలిసే అంది. నేను బతిమాలుకున్న మాటను వాళ్ల ఇంట్లో అంత గట్టిగా పట్టుకున్నారు.

"చాలుతుంది మేడం" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది, రాసుకుంటున్న టీచర్లు తల ఎత్తారు. "ఈ పిల్లకు ఊపిరి నిండా ఉంది. నేను అబద్ధం చెప్పాను. పక్కవాద్యం నాకు రాదు. చెయ్యి కూడా బెణకలేదు" అన్నాను. కట్టు విప్పుదామంటే ముడి రాలేదు. పీకుతుంటే కళావతే వచ్చి విప్పింది. విప్పి, శుభ్రంగా చుట్ట చుట్టి నా చేతిలో పెట్టింది.

ఎంత సిగ్గుగా ఉండిందో చెప్పలేను, ఒంటి మీద బట్ట లేనట్టు ఉండింది. హెడ్మిస్ట్రెస్ రాస్తున్న కాగితం చించేసి ఇంకొకటి తీసుకుంది. ఆసుపత్రిలో చూపిస్తే ఏమీ లేదన్నారని కూడా చెప్పాను, అక్కడ తీసిన ఎక్స్‌రే తెమ్మని పిల్లను ఇంటికి పంపింది, ఉత్తరంతో పంపుతుందట. నాతో మాత్రం, "నీ సంగతి సెలవుల తర్వాత మాట్లాడతా" అంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. అడగలేదు, అడిగే ముఖం లేదు.

సాయంత్రం వాళ్ల సందులోంచి పోతుంటే లోపల ఏడో నంబరు వినబడింది. నిలబడ్డాను. పొడుగు వరుస దగ్గర నేనే ఊపిరి బిగబట్టుకున్నాను. సగంలో ఆగింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ ఆగింది. లోపల నీలావతి గొంతు, "తొందర లేదులేమ్మా, ఇంకోతూరి ఊదు" అంటోంది. మూడోసారి ఏమైందో వినకుండా వచ్చేశాను. వినడానికి నాకు ధైర్యం లేదు.

శనివారం పొద్దున ప్యాసింజరుకు వస్తున్నాను. కళావతితో కాదు, ఒక్కదాన్నే. నా ఎడమచేతికి మొదటినుంచి నేర్పు అత్తా. చిన్నపిల్లల పుస్తకంతోనే మొదలుపెట్టు, సిగ్గుపడుతూనే నేర్చుకుంటాను.

ఎస్తేరు